ఆదివారం హాలు

కుర్చీ మీద తువ్వాలు కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దివాను మీద విప్పిన చొక్కా, కిటికీలో దువ్వెన, టీవీ వెనక దోపిన కరెంటు బిల్లు, ఏది కనిపించినా ముందు నా నోరు లేస్తుంది, తరువాత చెయ్యి. ఈ గుణం నాకు పుట్టింట్లోనే పట్టింది. మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. ముందు గదంతా మగ్గమే. గుంటలో కాళ్ళు పెట్టుకుని నాన్న నేస్తుంటే, మిగిలిన కాస్త జాగాలో అమ్మ నూలు కండెలు చుట్టేది. ఇంటికి ఎవరు వచ్చినా గడప మీద కూర్చుని మాట్లాడి పోవలసిందే. నా పెళ్లిచూపులు కూడా పక్కింటి అరుగు మీద జరిగాయి. నాకంటూ ఇల్లు ఉంటే ముందు గది మనుషులకే ఇస్తాను, వస్తువులకు ఇవ్వను అని ఆ రోజే అనుకున్నాను.

పెళ్లయిన చాలా ఏళ్లకు గద్వాలలోనే ఇల్లు కట్టుకున్నాం. ముందు హాలు, వెనక ఒక గది, వంటిల్లు. హాల్లో గోడ వారగా ఒక దివాను, మూలకు ఒకదానిలో ఒకటి దూర్చిన నాలుగు కుర్చీలు, టీవీ. అంతే. తెల్ల లైటు కింద మనుషుల ముఖాలు దవాఖానలో ఉన్నట్టు ఉంటాయని పసుపు బల్బు పెట్టించాను. సాయంత్రం ఆ వెలుతురులో చాప పరిస్తే గది చిన్నదైనా వెచ్చగా ఉండేది. వచ్చినవాళ్ళు లేవడానికి బద్ధకించేవాళ్ళు. అది చూస్తే నాకు కడుపు నిండినట్టుండేది.

మా ఆయన పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. మిల్లు స్నేహితులు ముగ్గురు నెలకొక ఆదివారం మా ఇంటికి వచ్చేవారు, గవ్వలతో పచ్చీసు ఆడడానికి. ఒకాయన మా పుట్టింటి వీధి మనిషి. వరుసకు నాకు అన్న, మా ఆయనకు బావ. పత్తి తూచే కాంటా దగ్గర పని చేశాడు కనుక అందరికీ కాంటా అన్న. రెండో ఆయన మిల్లులో గుమాస్తాగా చేసి, ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో కొడుకు ఎరువుల దుకాణంలో కూర్చుంటాడు. ఎగతాళికి ఆయన్ని సేటు అనేవాళ్ళం. మూడో అతను కరెంటు పని చేసేవాడు, మాకంటే చిన్నవాడు. వనపర్తిలో ఉంటాడు కాబట్టి నాకు వనపర్తి తమ్ముడు. సేటు ఎక్కిన బస్సే వనపర్తిలో అతను ఎక్కేవాడు. ఇద్దరూ కలిసి దిగేవారు.

పచ్చీసు బట్ట నేనే కుట్టాను. పుట్టింట్లో మిగిలిన చీర అంచుల ముక్కలు ఏరి, నాలుగు కొమ్మలుగా అతికి, గళ్ళు కుట్టాను. ఆట మొదలైతే నలుగురూ పిల్లలైపోయేవారు. వనపర్తి తమ్ముడు గవ్వలు వేయగానే చేయి అడ్డం పెట్టి తానే లెక్క చెప్పేవాడు. మా ఆయన ఆ చెయ్యి మీద ఒక్కటి వేసి, "కరెంటు మీటరు తిప్పినట్టు తిప్పకురా" అనేవాడు. నేను బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలిపి, మిర్చీలు వేసి, మధ్యమధ్య ఎవరు గెలుస్తున్నారో చూసిపోయేదాన్ని. అందరూ వెళ్ళాక చాప చుట్టి, గవ్వలు డబ్బాలో వేసి, నేల తుడిస్తే మళ్ళీ హాలు హాలులా ఉండేది.

రోగం దగ్గుతో మొదలైంది. మిల్లు పని చేసేవాళ్ళందరికీ ఉండే దగ్గే కదా అని ఏడాది గడిపాం. మెట్లు ఎక్కడం మానేశాడు, తరువాత వీధి చివరిదాకా నడవడం మానేశాడు. కర్నూలులో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నాడు. పత్తి దుమ్ము కావచ్చు, బీడీలు కావచ్చు, రెండూ కావచ్చన్నాడు. నయం కాదని కూడా చెప్పాడు. ఆక్సిజన్ మెషిను అద్దెకు తెచ్చుకోమన్నాడు. భోజనానికి తప్ప ముక్కులో గొట్టం తీయొద్దన్నాడు.

ఆ మెషిను మొదట హాల్లోనే పెట్టాం. దివాను పక్కన, చిన్న బీరువా అంత ఎత్తు, కింద చక్రాలు. రోజంతా గుర్రుమంటూ ఉండేది. దాని పక్కన మందుల డబ్బా, ఆవిరి పట్టే యంత్రం, డెట్టాలు పోసిన ఉమ్ము డబ్బా, ఎక్స్‌రేల కవరు. నా హాలు పదిహేను రోజుల్లో దవాఖాన వార్డయింది.

మా వైపు పరామర్శ అంటే ఒక పద్ధతి ఉంది. బత్తాయిలు ఒక కవరులో తెస్తారు. రోగి మంచం దగ్గర కూర్చుంటారు. అతను వింటుండగానే అతని గురించి పక్కవాళ్ళతో మాట్లాడతారు. ఎదురింటి పెద్దమ్మ మొదట వచ్చింది. కవరు దివాను మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నాతో అంది.

"ఎట్లుండె మనిషి ఎట్లయిండే. బొక్కలు తేలినయి. అన్నమన్న తింటుండా?"

మా ఆయన గోడవైపు తిరిగాడు. ఆమె వెళ్ళిన తరువాత గోడవైపే చూస్తూ అన్నాడు.

"గిట్ల జూసిపోనీకి ఎవ్వర్ని రానియ్యకు. సచ్చినంక ఎట్లనన్న వస్తరు గద."

ఆ మాటను నేను పట్టుకున్నాను. నా గుణానికి అది సరిపోయింది కూడా, ఆ సంగతి దాచుకోను. ఈ ఇంటికి మనుషులు బత్తాయిలతో రాకూడదు, గవ్వలాటకే రావాలి. ఆయన బతికున్నన్నాళ్ళూ హాలు హాలుగానే ఉండాలి. ఆ గొట్టం, ఆ ఉమ్ము డబ్బా స్నేహితులు ఒక్కసారి చూస్తే చాలు, మళ్ళీ చాప మీద కూర్చోరు, కుర్చీ అంచున కూర్చుని గడియారం చూస్తారని నా భయం. ఆ భయం నన్ను తినేసింది.

అప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు నా పని మొదలయ్యేది. ముందు చిన్న సామాను: మందులు మిఠాయి డబ్బాలోకి, ఎక్స్‌రేలు పరుపు కిందికి, ఉమ్ము డబ్బా స్నానాల గదిలోకి. తరువాత అగరుబత్తి వెలిగించి డెట్టాలు వాసన పోగొట్టేదాన్ని. చివరికి ఆయన ముక్కులోంచి గొట్టం తీసి, మెషిను ఆపి, వెనక గదిలోకి తోసి, పాత చీర కప్పేదాన్ని. ఆపకుండా ఆ గదిలోనే నడిపించవచ్చు, గొట్టం పొడుగైనదే. కానీ ఆ గుర్రుమనే చప్పుడు గోడ దాటి వస్తుంది. ఆ చప్పుడులో ఎవరు ఆడతారు, ఎవరు నవ్వుతారు?

గొట్టం వల్ల ఆయన బుగ్గల మీద గాట్లు పడేవి. వాటి మీద పౌడరు అద్దేదాన్ని. గొట్టం తీసిన కాసేపటికి పెదాలు నేరేడు పండ్లు తిన్నట్టు నల్లబడేవి. దానికి కూడా ఉపాయం వెతికాను. వీధి చివరి డబ్బాకొట్టులో మీఠా పాన్ కట్టించుకొచ్చి నోట్లో పెట్టేదాన్ని. నమిలితే పెదాలు ఎర్రబడేవి. పసుపు బల్బు కింద ఇంకేమీ తెలిసేది కాదు. అద్దంలో చూసుకుని ఆయన ఒకసారి, "పెండ్లికొడుకును జేస్తుంటివి గదనే" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వితే ఆయనకు దగ్గు తెర వచ్చింది, పౌడరు మళ్ళీ అద్దవలసి వచ్చింది.

స్నేహితులతో, ఆయనకు గాలి పడడం లేదని, కాస్త ఆయాసమని మాత్రం చెప్పాను. వాళ్ళు తల ఊపారు. అంతకు మించి అడగలేదు. అప్పటిదాకా నెలకోసారి వచ్చేవాళ్ళు, ఆ తరువాత ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టారు. సేటు వయసు మనిషి, అంత దూరం బస్సులో కూర్చుని వచ్చేవాడు. నాకు గర్వంగా ఉండేది. ఇల్లు పద్ధతిగా పెట్టుకుంటే మనుషులు రాక ఏం చేస్తారు అని ఎదురింటి పెద్దమ్మతో అన్నాను కూడా.

ఆ రెండు గంటలూ ఆయన తక్కువ మాట్లాడేవాడు. గవ్వలు గుప్పిట్లో ఊపడానికి బలం చాలక, ఊపకుండానే జారవిడిచేవాడు. వనపర్తి తమ్ముడు ఇప్పుడు తన గవ్వలకు చేయి అడ్డం పెట్టడం మాని, మా ఆయన గవ్వలకు పెట్టేవాడు. ఏం పడ్డా, అన్నిటికన్నా పెద్ద లెక్కే చెప్పి, "పచ్చీసు పడ్డది" అని కాయ తానే జరిపేవాడు. ఆయన ఆ చెయ్యి మీద కొట్టేవాడు కాదు. వాళ్ళు చెప్పులు వేసుకుని వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, ఒక్క పరుగున మెషిను తెచ్చి గొట్టం పెట్టేదాన్ని. పెట్టగానే ఆయన కళ్ళు మూసుకునేవాడు. రాత్రి అన్నం తినేవాడు కాదు. సోమవారమంతా పడుకునే ఉండేవాడు. మంగళవారానికి కోలుకుని, "ఆదివారం సేటుకు మిర్చి గాటుగ ఎయ్యకు, కడుపుల మంట అంటుండు" అనేవాడు. ఆ మాట వింటే, నేను చేస్తున్నది మంచి పనేనని నాకు ధైర్యం వచ్చేది.

ఆ ఆదివారం పొద్దుటి నుంచి ముసురు పట్టింది. మూడున్నరకు నా పని మొదలుపెట్టి, నాలుగుకు అంతా సర్దేశాను. పౌడరు అయింది, పాన్ అయింది, మెషిను వెనక గదిలోకి పోయింది. కాంటా అన్న కూడా బస్సు దిగినవాళ్ళతో కలిసే వస్తాడు కాబట్టి ఎవరూ రాలేదు. నాలుగున్నరకు వనపర్తి తమ్ముడికి ఫోన్ చేశాను.

"బీచుపల్లి దాటినం వదినె. ఎర్రవల్లి కాడ లారీ అడ్డం పడ్డదంట, అన్ని బండ్లు ఆగినయి. ఇగ కదుల్తది."

ఇగ కదుల్తది అన్నాడు కదా, పావుగంటలో వచ్చేస్తారనుకున్నాను. ఆయన దివాను మీద రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి, ముందుకు వంగి కూర్చున్నాడు. భుజాలు లేస్తూ పడుతూ ఉన్నాయి. అయిదయింది. పాన్ నమలడం ఆపేశాడు. నావైపు చూసి అన్నాడు.

"జర మెషిను పెట్టు."

అన్ని నెలల్లో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. నేను గుమ్మంలోంచి వీధి మలుపు చూస్తున్నాను. ఇప్పుడు తెచ్చి పెడితే సరిగ్గా వాళ్ళు వచ్చే వేళకు గొట్టం ముక్కులో ఉంటుంది. పౌడరు మళ్ళీ అద్దాలి. ఇన్నాళ్ళు కాపాడుకున్నది ఒక్క నిమిషంలో పోతుంది.

"వచ్చేసిండ్రు. జరంత ఓర్సుకో" అన్నాను.

ఆయన మళ్ళీ అడగలేదు. వాళ్ళు అయిదు ముప్పావుకు వచ్చారు, తడిసి. ఆలస్యమైందని నేను ఉగ్గాని వడ్డించడంలో తొందరపడ్డాను. పచ్చీసు బట్ట పరిచాను. మా ఆయన గవ్వలు తీసుకుని ఒక్కసారి జారవిడిచాడు. ఎంత పడిందో ఎవరూ చూడలేదు. కాంటా అన్న లేచి, "బస్సు దొర్కదేమో, వాన వడ్తుంది, పోతం బావా" అన్నాడు. కూర్చుని పావుగంట కాలేదు. అందరూ లేచారు. నాకు కోపం వచ్చింది, ఇంతకోసమా ఇంత చేసింది అని. వాళ్ళు గుమ్మం దాటుతుండగానే ఆయన పక్కకు ఒరిగాడు. ఆ రాత్రే కర్నూలు తీసుకుపోయాం. బుధవారం పోయాడు.

డాక్టరును అడిగాను, మెషిను పెట్టమన్నాక పెట్టని ఆ గంట వల్లేనా అని. ఊపిరితిత్తులే అయిపోయాయమ్మా, ఆ గంట పెద్ద లెక్క కాదన్నాడు. నాకు పెద్ద లెక్కే.

శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు ముందే వచ్చిన చుట్టాలు హాలు సర్దబోయారు. చావు జరిగిన ఇంట్లో మొదటి పని అదే, ముందు గదిలో సామాను బయట పడేసి పడుకోబెట్టడానికి జాగా చేయడం. దివాను ఒక్కటి జరిపితే సరిపోయింది. "హాలు ఖాళీగనే ఉన్నది, నయమైంది" అని ఎవరో అన్నారు. మనుషుల కోసం ఖాళీగా పెట్టుకున్న జాగాలో ఆయన్ని పడుకోబెట్టారు. పసుపు బల్బు పగలు కూడా వెలుగుతూనే ఉంది, ఎవరూ ఆర్పలేదు.

దినాలయ్యాక మొదటి ఆదివారం, అలవాటుగా మూడున్నరకు చీపురు పట్టుకుని హాల్లో నిలబడ్డాను. సర్దడానికి ఏమీ లేదు. నాలుగు దాటాక ముగ్గురూ వచ్చారు. సేటు చేతిలో బత్తాయిల కవరు ఉంది. దివాను మీద పెట్టాడు. ముగ్గురూ కుర్చీల్లో కూర్చున్నారు. చాప పరవమని ఎవరూ అనలేదు. నేనే అన్నాను, ఎందుకన్నానో తెలియదు, దాచింది దాచినట్టే ఉంచుకోలేకపోయాను.

"మీకు తెల్వదు గని, ఆయనకు దినమంత మెషిను ఉండె. మీరొచ్చేటప్పుడు తీసి దాస్తుంటి."

కాంటా అన్న తల వంచుకున్నాడు.

"మాకెరుకే చెల్లె. జిందగీల పాన్ ముట్టని మనిషి ఆదివారం ఆదివారం ఎందుకేస్తుండో మాకు తెల్వదా? నీకు జెప్పొద్దన్నడు."

"ఎవరు?"

"బావనే. మొదట్లనే ఫోన్ జేసిండు. 'నా పని అయిపోయింది, వారం వారం రాండ్రి. మీ చెల్లె మెషిను దాస్తది, మీరేం అడగకుండ్రి. ఇల్లు ఇల్లు లెక్క ఉండాల్నని దాని పాణం. రెండు గంటలు నేను ఓర్సుకుంట' అన్నడు."

ఆయన కోసమని నేను దాచాను. నా కోసమని ఆయన ఊపిరి బిగబట్టాడు. మా ఇద్దరి కోసం వీళ్ళు చూడనట్టు కూర్చున్నారు. నా హాలు చూసి ఎవరూ రాలేదు. పోయే మనిషని తెలిసి వచ్చారు.

"మెషిను పెట్టుకోని కూసుంటె రాకపోతుంటిరా?" అని అడిగాను.

"ఎందుకు రాకపోతుంటిమమ్మా" అన్నాడు సేటు.

అద్దెకు తెచ్చిన మెషిను ఇంకా వెనక గదిలోనే ఉంది, పాత చీర కింద. వెళ్ళి చీర తీసేశాను. చక్రాల మీద హాల్లోకి తోసుకొచ్చి, దివాను పక్కన దాని జాగాలో నిలబెట్టి, ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాను. గుర్రుమంది. గొట్టం కొస నేల మీద పడి గాలి వదులుతోంది. వనపర్తి తమ్ముడు లేచి వచ్చి ఆపబోయాడు. నేను చేయి అడ్డం పెట్టాను.

"ఇప్పుడు, ఈ సప్పుడుల మాట్లాడుండ్రి" అన్నాను.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వనపర్తి తమ్ముడు, తల ఎత్తకుండానే, చాలా మెల్లగా అన్నాడు.

"ఎర్రవల్లి కాడ రోడ్డు ఇంక గట్లనే ఉంది వదినె."

మెషిను నడుస్తూనే ఉంది. అతనన్న ప్రతి మాటా వినిపించింది.